గుండిగ మీద రాజహంస

ఉప్పుపాలెం,
18 నవంబరు 2024.

ప్రాణానికి ప్రాణమైన నరసయ్య బావకు, నీ సైదావలి వెయ్యి సలాములు.

బావా, ముందు కూర్చో. నిలబడి చదివితే సంతోషానికి పడిపోతావు. నా కూతురు సాహిరా హోటల్ తెరిచింది! ఎక్కడో కాదు, మన పాలెంలోనే, సరస్సుకు పోయే రోడ్డు పక్కన, నేను జీవితమంతా దూది ఏకిన ఆ పాత షెడ్డులోనే! గోడలకు సున్నం కొట్టినాము, పైన కొత్త రేకులు వేసినాము. కూర్చునే ప్రతి బల్ల మీదా నేను కుట్టిన దూది మెత్తలు. కూర్చున్నవాడు లేవడు బావా, ఒట్టు.

ఫోన్ చేసి చెప్పొచ్చు గదా అంటావు. దూదేకే మిషను నా చెవులను ఏనాడో తినేసింది. ఫోనులో నీ గొంతు చీమ గొణిగినట్టు ఉంటుంది. ఉత్తరమైతే నీ తిట్లు కూడా స్పష్టంగా వినపడతాయి. నువ్వు పడవ అమ్మి, ఇంటికి తాళం వేసి, సంగంలో నీ కూతురు సుభాషిణి ఇంటికి పోయినప్పటినుంచీ నాకు ఇదే అలవాటయింది.

అసలు సంగతి చెబుతాను. సాహిరా చెన్నైలో మెస్సుల్లో వండీ వండీ విసిగిపోయింది. "ఎవరి పేరుతోనో ఎన్నాళ్ళు వండేది నాయనా, నా పేరుతో వండుకుంటా" అని వచ్చేసింది. అల్లుడు షఫీక్ చెన్నైలోనే ఉన్నాడు, ఏసీలు బాగుచేసే పని. ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఈ చలికాలం రాజహంసలను చూడటానికి వచ్చే జనంతో హోటల్ నిలబడితే, అతను కూడా పని మానుకుని ఇక్కడికే వచ్చేస్తాడు. నిలబడకపోతే ఫిబ్రవరి ఆఖరుకు షెడ్డుకు తాళం వేసి ఆమె తిరిగి చెన్నైకి పోతుంది. నిలబడక ఏమి బావా? మడవ చేపల పులుసు, రొయ్యల ఇగురు, ఆదివారం బిర్యానీ! ఆ పులుసు తింటే నువ్వు సంగం వదిలి నడిచి వస్తావు.

ఇక బోర్డు! ఆ బోర్డు ఆలోచన పూర్తిగా నాది. సూళ్ళూరుపేటలో జీవానందం అని పెయింటరు ఉన్నాడు. చుట్టుపక్కల చికెన్ సెంటర్ల బోర్డులన్నీ అతని చేతివే. కోడి తలకు టోపీ పెట్టుకుని, గరిటె పట్టుకుని, బిర్యానీ గుండిగ మీద నిలబడి నవ్వుతూ ఉంటుందే, అది అతని బొమ్మే. నేను పోయి, "జీవానందం, అట్నే వెయ్యి, కోడి బదులు రాజహంసను వెయ్యి" అన్నాను. ఏమి వేసినాడు బావా! గులాబీ రంగు రాజహంస, పొడుగు కాళ్ళు రెండూ గుండిగలో, చుట్టూ పొగలు, రెక్కలో గరిటె, తల మీద తెల్ల టోపీ, మొహాన నవ్వు! కింద తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో "ఈ శీతాకాలం మాత్రమే! వేడివేడిగా!" అని. రోడ్డు మలుపు నుంచే కనపడుతుంది. బోర్డు ఎత్తి కట్టిన రోజు నేను రోడ్డుకు అడ్డంగా నిలబడి నవ్వుతుంటే పాలబండి ఆగిపోయింది.

ప్రారంభానికి నువ్వు రాలేదని నీ చెల్లెలు మెహబూబున్నీసా అలిగింది. పక్షులు దిగినాయి. నువ్వెప్పుడు దిగుతావు?

నీ బావ,
సైదావలి


సంగం,
27 నవంబరు 2024.

బావ సైదావలికి నరసయ్య రాసేది.

నీ ఉత్తరం చేరింది. పోస్టుమాను కవరు ఇస్తూ "ఏం పెద్దాయనా, లోపల ఇటుక పెట్టినారా" అన్నాడు. మా బావకు సంతోషం వచ్చింది, అది ఒక కాగితంలో పట్టదు అని చెప్పినాను.

కోడలు సాహిరా తన పేరుతో హోటల్ పెట్టిందంటే నాకు కడుపు నిండింది. చిన్నప్పుడు నా పడవలో కూర్చుని, ఏ చేప ఏ పులుసుకు పనికొస్తుందో నన్ను అడిగి అడిగి చంపేది. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల పొయ్యి దగ్గర ఎవరి మాటా వినదని.

ప్రారంభానికి ఎందుకు రాలేదంటే, ఇక్కడ నారుమళ్ళ పని. నేను నారు పోస్తానని కాదు. అల్లుడు శివశంకర్ పొలానికి పోతే ఇంటి దగ్గర మనిషి ఉండాలంట. ఇంకో కారణం కూడా ఉందిలే. పడవ లేకుండా ఆ నీళ్ళ ముందు నిలబడాలంటే నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. ఇక్కడ కాలవ ఉంది, బ్యారేజీ ఉంది, నీళ్ళకు కొదవ లేదు. అయినా ఈ నీళ్ళకు ఉప్పు లేదు బావా.

బోర్డు గురించి ఒక కాగితమంతా రాసినావు. తిన్నోళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదు. ఎవరొచ్చినారు, ఏమి తిన్నారు, పోతూ పోతూ ఏమన్నారు? అది రాయి. నవ్వే పిట్ట సంగతి తర్వాత.

చెల్లెలి అలక తీరేట్టు ఇక్కడి కొత్త బియ్యం పంపుతాను. సుభాషిణి అందరినీ అడిగిందని చెప్పమంది.

నరసయ్య


ఉప్పుపాలెం,
16 డిసెంబరు 2024.

ముద్దుల బావ నరసయ్యకు సలాములు, నీ చెల్లెలి తరఫున సగం అలక. బియ్యం అందినాక మిగతా సగం పోతుందంట.

ఎవరొచ్చినారు అని అడిగినావు గదా. ఊరికే వస్తున్నారా బావా! చెన్నై బండ్లు, బెంగళూరు బండ్లు, మెడలో దుర్బిణీలు, చేతిలో నా మోచేయంత పొడుగు కెమెరాలు. సరస్సు మొత్తం గులాబీ రంగు పరుపు పరిచినట్టు ఉంది ఈ ఏడు. ప్రతి బండీ మన బోర్డు దగ్గర ఆగుతుంది. అద్దం దించుతారు. నోరు తెరిచి చూస్తారు. ఫోటో తీస్తారు! నిన్న ఒక పెద్దావిడ బోర్డు చూసి గుండె మీద చేయి వేసుకుంది. కళకు అంత విలువ ఇచ్చే మనుషులు బావా.

ఇంకో గొప్ప సంగతి. అటవీశాఖ నుంచి ప్రసాద్ సారు జీపులో వచ్చినాడు. నేరుగా వంటింట్లోకి పోయినాడు. పోయి గుండిగల మూతలన్నీ ఒక్కొక్కటే తీసి వంగి చూసినాడు. ఫ్రిజ్జు కూడా తెరిపించినాడు. అంత వాసన మరి! ఎంత పెద్ద ఆఫీసరైనా ఆగలేకపోయినాడు. "కూర్చోండి సార్, పులుసు వడ్డిస్తాం" అన్నాను. ఆయన నా మొహం వంక చూసి, బోర్డు వంక చూసి, తల పట్టుకుని, సాహిరాతో ఏదో మెల్లగా చెప్పి పోయినాడు. నాకు వినపడలేదు. ఏమన్నాడమ్మా అంటే, "బాగుంది అన్నాడు నాయనా" అంది.

నీకు అబద్ధం రాయలేను. ఆగినవాళ్ళు దిగడం లేదు బావా.

ఫోటో తీస్తారు, బండి తిప్పుకుంటారు, పోతారు. ఎక్కడికి పోతారో తెలుసా? పైన హైవే దాకా పోయి, చల్లారిన ఇడ్లీలు తింటారంట. మన దగ్గర తినేది లారీ డ్రైవర్లు, పాలెం వాళ్ళు, రొయ్యల గుంటల దగ్గర పనిచేసే పిల్లగాళ్ళు. వాళ్ళు వేళ్ళు నాకిపోతారు. కానీ వాళ్ళతోనే ఈ హోటల్ నిలబడదు. సాహిరా ఇప్పుడు అన్నానికి చిన్న గిన్నె పెడుతోంది. నేను చూడలేదనుకుంటుంది.

పులుసులో కారం ఎక్కువా? మెత్తలు చాలలేదా? ఏమి తక్కువైందో నాకు అర్థం కావడం లేదు. గురువారం గూడూరు పోయి మంచి దూది తెస్తాను, కారులో వచ్చేవాళ్ళకు వీపు వెనక కూడా మెత్తలు ఉండాలి. నీకేమైనా తోస్తే రాయి.

సైదావలి


సంగం,
28 డిసెంబరు 2024.

బావకు,

ఉత్తరం అందింది. పులుసులో కారం సరిగ్గానే ఉంటుందిలే.

తుఫాను గాలులు అంటున్నారు టీవీలో. ఆ బోర్డు రేకు బోర్డు గదా, గాలికి లేచి ఎవరి మీదన్నా పడగలదు. దించి షెడ్డు వెనక గోడకు ఆనించి పెట్టు. బొమ్మ గోడ వైపుకు తిప్పి పెట్టు, రంగు పోకుండా ఉంటుంది. చలికాలం పోయినాక కట్టుకోవచ్చు.

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు. సుభాషిణి పిలుస్తోంది.

నరసయ్య


ఉప్పుపాలెం,
6 జనవరి 2025.

బావా, సలాములు. నీకు జ్వరమా? అంత చిన్నగా నువ్వు నీ పెళ్ళి పత్రిక కూడా రాయలేదు.

బోర్డు సంగతి మంచి మాట చెప్పినావు.  వెంటనే సైకిలేసుకుని పోయి పడవలకు కట్టే లావు తాడు తెచ్చినాను. నిచ్చెన వేసుకుని నేనే ఎక్కి, ముందూ వెనకా బిగించి కట్టినాను. ఏ గాలికీ కదలదు! నీ చెల్లెలు కింద నిచ్చెన పట్టుకుని "దిగు మగడా, ఈ వయసులో పిట్టతో పాటు ఎగురుతావా" అని అరుస్తూనే ఉంది. అంతటితో ఆగలేదు. సాయంత్రం మంచులో సరిగ్గా కనపడటం లేదని రాజహంస మొహం మీద పడేట్టు పెద్ద లైటు కూడా పెట్టించినాను. ఇప్పుడు మలుపు నుంచే కాదు, వంతెన మీద నుంచి కూడా కనపడుతుంది.

లైటు వెలిగించి, ఎట్లుంది తల్లీ అని సాహిరాను అడిగినాను. నా వైపు చూసింది, నవ్వింది, నా గడ్డం పట్టుకుని "చానా బాగుంది నాయనా" అంది. లోపలికి పోయి చానాసేపు గిన్నెలు తోమింది. తోమినవే తోమింది.

బావా, బండ్లు ఇంకా తగ్గినాయి. ఇప్పుడు ఆగడం కూడా లేదు, దూరం నుంచే వేగం పెంచుకుని పోతున్నాయి.

నిన్న కొట్టుగదిలోకి పోతే పెద్ద గుండిగ కనపడింది, పాత పేపర్లు చుట్టి, తాడు కట్టి. పక్కన రెండు పళ్ళేల దొంతులు, అవీ కట్టేసి ఉన్నాయి. ఎందుకమ్మా అని అడగలేదు. అడిగితే చెబుతుంది గదా, అందుకే అడగలేదు. నా బిడ్డ ఇన్నాళ్ళకు పొద్దున్నే "నాయనా, టీ" అని నా పక్కన కూర్చుంది. నా చెవిలో కాకుండా నా ఎదుటికి వచ్చి, పెదాలు కనపడేట్టు మాట్లాడుతుంది, నాకు అర్థం కావాలని. ఫిబ్రవరి ఆఖరు ఎంతో దూరం లేదు.

నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు. నీకు అబద్ధం చేతకాదు, మాటలు తగ్గిస్తావు అంతే. ఏమిటో చెప్పు.

సైదావలి


సంగం,
10 జనవరి 2025.

బావ సైదావలికి,

తాడు కట్టినావా! లైటు కూడా పెట్టినావా! నీ ఉత్తరం చదివి ఇంత గట్టిగా నెత్తి కొట్టుకుంటే సుభాషిణి నీళ్ళు తెచ్చింది. ఇంక దాచలేను. కోడలికి మాటిచ్చినాను, ఆ మాట తప్పుతున్నాను. తప్పకపోతే ఆమె హోటల్ మునుగుతుంది.

నేను అక్కడికి వచ్చినాను బావా. నువ్వు గూడూరుకు దూదికి పోయిన గురువారమే. నీ ఉత్తరంలో అటవీశాఖ సారు గుండిగల మూతలు తీసినాడని చదివినప్పుడే నాకు ఏదో తట్టింది. ఇంట్లో చెప్పకుండా బస్సెక్కినాను. నీ హోటల్ ఎదురుగా దిగి తల ఎత్తినాను. బావా, నా పంచె తడవలేదు, అది దేవుడి దయ. రోడ్డు పక్క సిమెంటు బల్ల మీద కూలబడి నవ్వినాను. కంట్లో నీళ్ళు తుడుచుకునేలోగా ఒక కారు ఆగింది. వెనక సీట్లో చిన్నపిల్ల ఉంది. మెడలో బొమ్మ దుర్బిణీ. బోర్డు చూసి ఒక్కసారి ఏడుపు అందుకుంది. "అమ్మా, వీళ్ళు ఆ పింక్ పక్షిని వండేస్తారా? అమ్మా, దాన్ని ఉడకబెడుతున్నారు, అది నవ్వుతోంది పాపం!" తల్లి అద్దం ఎత్తేసింది. కారు వెళ్ళిపోయింది. నా నవ్వు ఆగిపోయింది.

ఇప్పుడు అర్థమైందా బావా? చికెన్ సెంటరు బోర్డు మీద కోడి నవ్వితే, లోపల కోడి కూర ఉందని అర్థం. మనం పుట్టినప్పటినుంచీ చూస్తున్నాం కాబట్టి మనకు అది అలంకారం. ఆ పక్షులను చూడటానికి తెల్లవారకముందే లేచి, రాష్ట్రాలు దాటి వచ్చేవాళ్ళకు అది గుండిగలో ఉడుకుతున్న రాజహంస. పైగా "ఈ శీతాకాలం మాత్రమే! వేడివేడిగా!" నీ కళకు గుండె మీద చేయి వేసుకున్న పెద్దావిడ సంగతి కూడా ఇప్పుడు మళ్ళీ చదువుకో. సారు వచ్చింది వాసనకు కాదు. ఎవరో ఫిర్యాదు చేస్తే వచ్చినాడు.

వెనక తలుపు గుండా వంటింట్లోకి పోయినాను. సాహిరా నన్ను చూసి "మామా!" అని తడిచేతులతోనే పట్టుకుంది. కూర్చోబెట్టి పులుసు పెట్టింది. నీ వర్ణన తక్కువే, ఆ పులుసు ఇంకా మేలు. తింటూ అడిగినాను.

"తల్లీ, ఆ బోర్డు..."

"తెలుసు మామా. సారు కూడా చెప్పినాడు. అంతకుముందే తెలుసు."

"తెలిసి ఎందుకు ఉంచినావు?"

"నాయన దినామూ పొద్దున్నే తడిగుడ్డతో ఆ పిట్ట ముక్కు తుడుస్తాడు మామా. ఆ బోర్డు ఎత్తిన రోజు నాయన నవ్వింది నువ్వు చూళ్ళా. నా పెళ్ళయి పోయినాక అట్లా నవ్వింది నేనూ చూళ్ళా. ఇది దించితే ఎందుకు దించినావంటాడు. చెప్తే, నా బిడ్డ హోటల్ నేనే ముంచినా అని ఆ మనిషి తిండి మానేస్తాడు. హోటల్ ఇంకోసారి పెట్టుకుంటాలే. నువ్వు మాత్రం చెప్పబాకు."

సరే అన్నాను. ఆమె మొహం చూస్తే ఎవరైనా సరే అంటారు. వచ్చి నీకు తుఫాను కథ రాసినాను. నువ్వు దానికి పడవ తాడు కట్టినావు.

పోయే ముందు సరస్సు దాకా నడిచినాను. పడవ లేకుండానే నిలబడినాను. చేతులు వెనక్కి కట్టుకుంటే సరిపోయింది. మా అమ్మ అంకాలమ్మ గుర్తొచ్చింది. నీకు గుర్తుండే ఉంటుంది, కార్తీకంలో మొదటి మంద దిగగానే గట్టు మీద నిలబడి "చుట్టాలు దిగినారు, పిల్లోళ్ళు రాళ్ళు వేస్తే అన్నం పెట్టను" అని పాలెమంతా వినపడేట్టు కేకేసేది. ఆమె మాట మనకు తెలుసు. ఆ కార్లలో వచ్చేవాళ్ళకు తెలీదు గదా.

తిండి మానబాకు. మానినావని తెలిస్తే బస్సెక్కి వచ్చి తంతాను.

నరసయ్య


ఉప్పుపాలెం,
19 జనవరి 2025.

నా బంగారు బావకు సలాములు, సలాములు, సలాములు!

నీ ఉత్తరం బోర్డు కిందే నిలబడి చదివినాను. చదువుతూ చదువుతూ తల ఎత్తి చూసినాను. అప్పుడు కనపడింది బావా! ఇన్నాళ్ళూ నాకు నవ్వు ఒక్కటే కనపడింది. గుండిగ కనపడలేదు. పొగ కనపడలేదు. ఆ చిన్నపిల్ల ఏడుపు ఈ చెవిటివాడికి వినపడలేదు. అక్కడే మట్టిలో కూర్చుండిపోయినాను. ఏడుపు వచ్చింది, దాచను. అంతలో ఆ పిట్ట టోపీ వంక, గరిటె వంక చూస్తే నవ్వు వచ్చింది. రెండూ కలిసి వస్తే ఎట్లుంటుందో నీ చెల్లెలిని అడుగు. నాకేదో పట్టిందని చెంబుతో నీళ్ళు తెచ్చి నెత్తిన పోసింది.

"నీకు తెలుసా?" అని అడిగినాను.

"నాకు తెలుసు. పాలబండి వాడికి తెలుసు. పాలెమంతా తెలుసు" అంది.

"మరి ఎవరూ చెప్పరే?"

"నువ్వు సంతోషంలో ఉన్నప్పుడు నీకు అడ్డం చెప్పిన మొనగాడు ఈ ఊళ్ళో ఎప్పుడన్నా ఉన్నాడా?" అంది.

తడిసిన చొక్కాతోనే వంటింట్లోకి పోయినాను. సాహిరా ఉల్లిపాయలు కోస్తోంది. ఉత్తరం ఆమె ముందు పెట్టినాను. చదివింది. "మామకు చెప్పొద్దన్నాను గదా" అని తల వంచుకుంది. నేను అన్నాను: "తల్లీ, నా నవ్వు కోసం నువ్వు గిన్నెలకు పేపర్లు చుడతావా? నువ్వు చెన్నై బస్సెక్కితే ఆ నవ్వు ఎవరికి చూపించాలి నేను? ఆ పిట్టకా?" ఆమె ఏడ్చింది. ఉల్లిపాయలు అంది. సరే, ఉల్లిపాయలే అనుకో.

నా తప్పుకు నేను తిండి మానుతానని అనుకుంది పిచ్చిపిల్ల. బావా, నిజం చెబుతున్నా, నాకు సిగ్గు వేసింది, కానీ దానికన్నా పెద్ద సంతోషం వేసింది. నా బిడ్డకు నా మీద ఇంత ఉందని ఈ వయసులో తెలిసింది! రెండుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నాను.

మరునాడే జీవానందాన్ని పిలిపించినాను. సంగతి విని అతను డబ్బాలు కింద పెట్టి అరగంట నవ్వినాడు. "భాయ్, నేను వేసిన కోళ్ళు ఇన్నేళ్ళలో ఒక్క మనిషిని ఏడిపించలేదు" అన్నాడు. బోర్డు మొత్తం చెరిపెయ్యమన్నాను. సాహిరా అడ్డం నిలబడింది. "నాయన పిట్టను ఎవరూ ముట్టుకోకూడదు. గుండిగను మాత్రం తియ్యి జీవానందమన్నా" అంది. గుండిగ చెరిపి అక్కడ సరస్సు నీళ్ళు వేయించింది. పిట్టను ముట్టుకోకుండానే దాని ముందు అరిటాకు వేయించింది. ఆకులో అన్నం, పక్కన నీళ్ళ గ్లాసు. ఇంకేముంది, రాజహంస భోజనానికి వచ్చినట్టు అయిపోయింది! గరిటె ఎవరికివ్వాలి అని జీవానందం అడిగినాడు. మా నాయనకివ్వు అంది. పిట్ట పక్కన గడ్డం, టోపీ, గళ్ళ లుంగీ, వంగి వడ్డిస్తున్న ముసలాడు. నేనే బావా! నన్ను బోర్డు మీద వేసినారు!

కింద పాత అక్షరాలు తీసేసి, మీ అమ్మ మాట రాయించినాము. "వీరు మా చుట్టాలు. వీరిని వండము. వీరి పక్కన కూర్చోండి, మీకూ వడ్డిస్తాము." మూడు భాషల్లోనూ.

రంగు ఆరకముందే ఒక బెంగళూరు బండి ఆగింది. అద్దం దించినారు, నోరు తెరిచినారు, ఫోటో తీసినారు. ఇక బండి తిప్పుకుని పోతారనుకున్నాను. అప్పుడు తలుపు తెరుచుకుంది. దిగినారు బావా! దిగినారు! మడవ పులుసు మూడోసారి అడిగినారు. మెత్తల మీద నుంచి లేవలేదు, నేను చెప్పినానా లేదా?

సైదావలి


సంగం,
2 ఫిబ్రవరి 2025.

బోర్డు మీదికెక్కిన బావకు,

మీ బోర్డు మా సంగం దాకా వచ్చింది. శివశంకర్ ఫోనులో చూపించినాడు, ఎవరో తీసి పెట్టినారంట. రాజహంస ముక్కు కన్నా నీ ముక్కే పొడుగ్గా ఉంది. జీవానందం ఉన్నది ఉన్నట్టు వేసే మనిషి.

కింద మా అమ్మ మాట చదివినాను. ఆమెకు చదువు రాదు. ఆమె కేక ఇప్పుడు మూడు భాషల్లో ఉంది. 

సారు మళ్ళీ వచ్చినాడా? కోడలు కట్టేసిన గిన్నెలు విప్పిందా? అది ముందు రాయి.

నరసయ్య


ఉప్పుపాలెం,
8 మార్చి 2025.

ప్రాణమైన బావకు, రంజాను నెలలో రోజా ఉండి రాస్తున్న ఉత్తరం. ఆకలి మీద రాస్తున్నాను కాబట్టి తిండి సంగతులు ఎక్కువగా వస్తే క్షమించు.

విప్పింది బావా! ఆ పెద్ద గుండిగ పేపర్లు విప్పింది నేనే, తాడు కోసింది నేనే. శని, ఆదివారాలు అది కూడా చాలక పక్క ఇంటి గుండిగ తెచ్చుకున్నాము. తెల్లవారకముందే పక్షుల కోసం వచ్చేవాళ్ళు, ఎండెక్కినాక ఆకలితో తిరిగొస్తారు. వాళ్ళకోసం సాహిరా పొద్దున్నే కారం దోసెలు మొదలుపెట్టింది. ప్రసాద్ సారు వచ్చినాడు. ఈసారి మూతలు తీయలేదు, కూర్చుని ఇగురు తిన్నాడు. ఇంటిల్లిపాదినీ తీసుకొస్తానని చెప్పి పోయినాడు. ఆ ఏడ్చిన చిన్నపిల్ల వస్తుందేమోనని ప్రతి కారులోకీ తొంగి చూస్తున్నాను. రాలేదు. వచ్చే ఏడు వస్తుందిలే.

జీవానందానికి కూడా గిరాకీ పెరిగింది. చికెన్ సెంటరు అతను ఒకడు వచ్చి, తన కోడి కింద కూడా "వీరు మా చుట్టాలు" అని రాయమన్నాడంట. "నీకు కుదరదన్నా" అని పంపేసినాడంట.

ఫిబ్రవరి ఆఖరు దాటిపోయింది. దాటిన రోజు నేను పొద్దున్నే రోడ్డు మీదే కూర్చున్నాను. చెన్నై బస్సు వచ్చింది. మన పిల్ల ఎక్కలేదు. మన అల్లుడు షఫీక్ దిగినాడు! ఒక ట్రంకు పెట్టె, ఒక నిచ్చెన, పనిముట్ల సంచీ. "మామా, ఎండాకాలం వస్తోంది, ఈ షెడ్డుకు ఏసీ పెట్టాలి" అన్నాడంట. నాకు ఒక్క ముక్క వినపడలేదు, అయినా అంతా అర్థమైంది.

నిన్న సరస్సు మీద పెద్ద మంద లేచింది. రెక్కల కింద ఎరుపు, అంచులకు నలుపు, ఆకాశమంతా, నువ్వు పడవ మీద నుంచి చూసి వచ్చి ఎప్పుడూ చెప్పేటట్టే. చుట్టాలు బయలుదేరినారు. సాహిరా పొయ్యి కట్టేసి బయటికొచ్చి, నా పక్కన నిలబడి చూసింది. చూసి, మళ్ళీ లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. ఇన్నేళ్ళలో పక్షులు పోతుంటే నాకు దిగులు వేయని ఏడు ఇదే బావా.

ఈ నెలాఖరుకు పండగ. సేమియా పాయసం నీ చెల్లెలు చేస్తుంది, బిర్యానీ నీ కోడలు చేస్తుంది. నేను వడ్డిస్తాను, బోర్డు మీద ఎట్లా ఉన్నానో అట్లా.

ఇంకొక్క సంగతి. జీవానందాన్ని మళ్ళీ పిలిపించి, బోర్డు మీద రాజహంస పక్కన ఇంకో ఆకు వేయించినాను. ఆకు ముందు మెత్త కూడా వేయించినాను. దాని మీద ఎవరూ లేరు. వచ్చినవాళ్ళంతా తింటూ అడుగుతున్నారు, ఆ ఖాళీ ఆకు ఎవరిదని.

మా బావది, ఇంకా బస్సు దిగలేదు అని చెబుతున్నాను.

నీ
సైదావలి